తీగ లేని చోట చలువ: ఫ్రిజ్ బండెక్కిన కథ

వరంగల్ కాశిబుగ్గ నుంచి సమ్మక్క సారలమ్మల మేడారం సుమారు వంద కిలోమీటర్లు. ములుగు, గోవిందరావుపేట, పస్రా దాటితే అంతా అడవే. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే జాతరకు మన వాళ్లు ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని పోయేవారు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఇప్పుడు వ్యాన్లూ కార్లూ. బండి మారినా బస మారలేదు. జంపన్నవాగు చుట్టుపక్కల ఏ చెట్టు కిందో గుడారం వేసి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి, రెండు మూడు రోజులు అక్కడే వండుకు తిని, మొక్కు చెల్లించి తిరిగొస్తారు. ఆ మూటల్లో బియ్యం, ఉప్పు, కారం, తల్లులకిచ్చే ‘బంగారం’ బెల్లం ఉంటాయి. ఇవేవీ చెడేవి కావు. కోడీ మేకా ప్రాణంతోనే వస్తాయి గనుక మాంసానికీ చింత లేదు.

పాలు, పెరుగు, పసిపిల్లల మందులు అలా రావు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్ల ఇన్సులిన్ సీసాలు అసలే రావు. వాటికి చలువ కావాలి. జాతర రోజుల్లో తల్లుల గద్దెల దగ్గర దీపాలు ఎంత వెలిగినా, దూరంగా చెట్టు కింద దిగిన కుటుంబానికి ప్లగ్గు దొరకదు. లక్నవరం చెరువు ఒడ్డున గుడారం వేసుకునే కుర్రాళ్లకూ, వ్యానును ఇల్లుగా మార్చుకుని ఊళ్లు తిరిగే దంపతులకూ, అమెరికాలో ఆర్‌వీ అనే చక్రాల ఇల్లు అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ వెళ్లే తెలుగు కుటుంబాలకూ ఇదే సమస్య. కరెంటు తీగ అందని చోట ఫ్రిజ్‌ను ఎలా నడపాలి?

దీనికి జవాబు రెండున్నర శతాబ్దాలుగా కూడుతూ వచ్చింది. ఆ కథ తెలిస్తే ఒక సంగతి తేటపడుతుంది. చలువను పుట్టించే విద్య ఒకటి, పుట్టిన చలువను దాచే విద్య ఇంకొకటి. తీగ లేని చోట మనల్ని కాపాడేది ఎక్కువగా ఆ రెండోదే.

గురువు ఆవిరి, శిష్యుడి మంచు

రెండు విద్యలూ ఒకే తరగతి గదికి చెందినవి. స్కాట్లాండ్‌లో విలియం కల్లెన్ అనే వైద్యుడు రసాయనశాస్త్రం చెప్పేవాడు. తడిపిన థర్మామీటరు ఆరేటప్పుడు అందులో పాదరసం దిగిపోవడం ఒక విద్యార్థి గమనించి చెబితే, ఆయన ఆ దారినే పోయాడు. గాలి తోడేసిన పాత్రలో ఈథర్‌ను ఆవిరి చేసి, దాని చుట్టూ ఉన్న నీటిని గడ్డ కట్టించాడు. ద్రవాలు ఆవిరవుతూ పుట్టించే చలువ గురించి 1756లో వ్యాసం ప్రచురించాడు. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది పక్కనున్న వస్తువు నుంచి లాక్కుంటుంది. ఎండాకాలం మన రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ ఇందువల్లే. మట్టి గోడల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆరుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. కుమ్మరి చేతికి తెలిసిన ఆ పని కల్లెన్ ప్రయోగంలో శాస్త్రమైంది. ఇప్పటి ఫ్రిజ్‌లన్నిటికీ మూలం అదే.

కల్లెన్ దగ్గర చదివి, ఆయనకు సహాయకుడిగా పనిచేసిన జోసెఫ్ బ్లాక్ మంచు వైపు చూశాడు. మంచుగడ్డను వేడి గదిలో పెడితే చాలాసేపు దాని ఉష్ణోగ్రత పెరగదు. వేడి లోపలికి పోతూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం సున్నా దగ్గరే నిలబడి ఉంటుంది. ఆ వేడంతా గడ్డను నీరుగా మార్చడానికే ఖర్చవుతోందని 1760ల తొలినాళ్లలో బ్లాక్ కొలిచి చూపాడు. బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి కూడా దాదాపు అంతే వేడి పడుతుంది. ఒక్క కిలో మంచు ఎంత వేడిని మింగి ఊరుకుంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

గురువుగారి ఆవిరి నుంచి చలువను పుట్టించే యంత్రం వచ్చింది. శిష్యుడి మంచు నుంచి చలువను దాచే ఉపాయం వచ్చింది. ఈ రెండు పాయలూ చాలాకాలం వేర్వేరుగా పారాయి.

రంపపు పొట్టు చేసిన వ్యాపారం

దాచే విద్యతో మొదట డబ్బు చేసుకున్నవాడు బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. చలికాలంలో మసాచుసెట్స్ చెరువులు గడ్డ కడితే, ఆ గడ్డలను కోసి ఓడల్లో వేడి దేశాలకు పంపేవాడు. 1833లో ‘టస్కనీ’ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరింది. దారి నాలుగు నెలలు. భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. కలకత్తా చేరేసరికి ఇంకా దాదాపు 100 టన్నుల మంచు మిగిలే ఉంది. ఆ ఓడలో చల్లబరిచే యంత్రం ఏదీ లేదు. రంపపు పొట్టు, గాలి చొరని చెక్క గోడలు, సందు లేకుండా పేర్చిన గడ్డలు, అంతే. మద్రాసులో సముద్రపు ఒడ్డున 1842లో ట్యూడర్ కట్టించిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. తర్వాతి కాలంలో వివేకానందుడు బస చేయడంతో దానికి వివేకానందర్ ఇల్లం అన్న పేరు స్థిరపడింది.

తర్వాత మన దేశంలోనే మంచు తయారుచేసే ఫ్యాక్టరీలు వచ్చి ఓడ మంచుకు కాలం చెల్లింది. పాఠం మాత్రం ఊళ్లలో మిగిలింది. ఐస్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన దిమ్మెను ఊకలోనో రంపపు పొట్టులోనో పూడ్చి, పైన గోనెపట్ట కప్పి, ఎండలో సోడా బండి మీద సాయంత్రం దాకా ఆపిన వాళ్లు ట్యూడర్ పేరు వినకపోయినా ఆయన విద్య నేర్చినవాళ్లే. చలువను పోనివ్వకుండా ఆపే గోడ ఎంత దిట్టంగా ఉంటే లోపలి యంత్రానికి అంత పని తగ్గుతుంది. క్యాంపింగ్ ఫ్రిజ్ కొనేటప్పుడు అందరూ మోటారు గురించి అడుగుతారు. గోడ మందం, మూత రబ్బరు గురించి అడగడం అంతకన్నా ముఖ్యం.

నిప్పుతో మంచు

పుట్టించే విద్యకు వద్దాం. ఆవిరైన ద్రవాన్ని ప్రతిసారీ గాలిలోకి వదిలేస్తే ఖర్చు పెరుగుతుంది. దాన్ని పట్టి, మళ్లీ ద్రవంగా మార్చి, మళ్లీ ఆవిరి చేయాలి. ఇందుకు ఒక దారి, ఆవిరిని నొక్కి ద్రవం చేయడం. 1834లో జేకబ్ పెర్కిన్స్ లండన్‌లో పేటెంట్ తీసుకున్నది దానికే. మన ఇళ్లలోని కంప్రెసర్ ఫ్రిజ్ ఆ వంశానిదే. నొక్కడానికి పంపు కావాలి, పంపును తిప్పడానికి శక్తి కావాలి.

రెండో దారి మైకేల్ ఫారడే 1820లలో చేసిన ఒక ప్రయోగంలో కనిపించింది. అమ్మోనియా వాయువును పీల్చుకున్న సిల్వర్ క్లోరైడ్‌ను వంపు తిరిగిన గాజుగొట్టంలో ఒక చివర ఉంచి మూసి, వేడి చేశాడు. వాయువు బయటపడి, చల్లని రెండో చివరలో ద్రవమైంది. మంట తీసేస్తే ఆ ద్రవం ఆవిరై మళ్లీ పొడిలోకి చేరింది. ఆవిరయ్యే చోట గొట్టం చల్లబడింది. పంపు లేదు, మర లేదు, మంట ఒక్కటే.

ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్డినాండ్ కారే దీన్ని యంత్రంగా మలిచాడు. పొడికి బదులు నీళ్లు వాడాడు. నీటికి అమ్మోనియా అంటే మహా ప్రీతి. చల్లగా ఉన్నప్పుడు దాన్ని విపరీతంగా పీల్చుకుంటుంది, వేడెక్కితే వదిలేస్తుంది. 1859లో ఫ్రాన్స్‌లో, మరుసటి ఏడు అమెరికాలో కారే పేటెంట్లు తీసుకున్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది చెరువుల మంచు దక్షిణాదికి రాకుండా ఆగిపోయినప్పుడు, దిగ్బంధాన్ని తప్పించుకుని అక్కడికి చేరిన ఈ యంత్రాలే మంచు తయారుచేశాయి. సరఫరా తెగిన చోట నిప్పుతో చలువ పుట్టించవచ్చని అలా రుజువైంది. అయితే కారే యంత్రం ఫ్యాక్టరీ సరుకు. అందులోనూ ద్రావణాన్ని తోసే పంపు ఉంది. ఇంట్లో పెట్టుకునేది కాదు.

ఇద్దరు విద్యార్థులు

ఆ పంపును తీసేసింది ఇద్దరు కుర్రాళ్లు. 1922లో స్టాక్‌హోం రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుతున్న బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్ అనే విద్యార్థులు, కదిలే భాగం ఒక్కటి కూడా లేని ఫ్రిజ్‌ను తయారుచేశారు. వాళ్ల ఆలోచనలోని అందం తెలియాలంటే చిక్కు ఎక్కడుందో ముందు చూడాలి.

అమ్మోనియా ద్రవం కావాలంటే పీడనం ఎక్కువ ఉండాలి, చల్లగా ఆవిరి కావాలంటే పీడనం తక్కువ ఉండాలి. ఒకే గొట్టంలో రెండు పీడనాలు ఉండాలంటే మధ్యలో పంపో వాల్వో తప్పదని అందరూ అనుకున్నారు. వీళ్లు ఆ గొట్టంలోకి హైడ్రోజన్‌ను పంపారు. ఒక పాత్రలో రెండు వాయువులు కలిసి ఉన్నా, ఏది కలిగించే పీడనం దానిదేనని జాన్ డాల్టన్ 1801లోనే చెప్పాడు. ఆవిరయ్యే గదిలో హైడ్రోజన్ నిండి ఉంటే మొత్తం పీడనం తగ్గకపోయినా అమ్మోనియా వాటా తగ్గుతుంది. కాబట్టి అది ఖాళీలోకి వచ్చినట్టే ఆవిరైపోతూ లోపలి వేడిని లాగేస్తుంది. గొట్టమంతా ఒకటే పీడనం, అయినా పని జరుగుతుంది.

మిగతా చక్రం ఇలా తిరుగుతుంది. కింద చిన్న మంట. అన్నం ఉడికేటప్పుడు గంజి బుడగలతో కలిసి పైకి పొంగినట్టు, సన్నటి గొట్టంలో అమ్మోనియా బుడగలు నీటిని పైకి మోసుకెళ్తాయి. పైన నీరు విడిపోయి తన దారిన కిందికి దిగుతుంది. అమ్మోనియా ఆవిరి వెనకవైపు రెక్కల్లో బయటి గాలికి చల్లబడి ద్రవమవుతుంది. అది లోపలి గొట్టంలోకి దిగి, హైడ్రోజన్‌ను కలిసి, ఆవిరై, ఫ్రిజ్‌ను చల్లబరుస్తుంది. ఆ మిశ్రమం బరువుగా ఉంటుంది గనుక కిందికి జారుతుంది. అక్కడ నీరు అమ్మోనియాను పీల్చుకుంటుంది. తేలికైన హైడ్రోజన్ ఒంటరిగా పైకి తేలుతుంది. అమ్మోనియా కలిసిన నీరు మళ్లీ మంట దగ్గరికి చేరుతుంది. ఇదంతా గురుత్వాకర్షణ నడిపే ప్రవాహం. చప్పుడు లేదు, అరిగిపోయే మర లేదు.

ఈ ఫ్రిజ్‌ను తయారుచేసే కంపెనీని ఎలక్ట్రోలక్స్ 1925లో కొనుక్కుంది. అమెరికాలో సర్వెల్ అనే సంస్థ హక్కులు తీసుకుంది. అదే రోజుల్లో బెర్లిన్‌లో, ఫ్రిజ్ నుంచి కారిన విషవాయువుకు ఒక కుటుంబం బలైందన్న వార్త చదివి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కదిలిపోయాడు. యువ శాస్త్రవేత్త లియో సిలార్డ్‌తో కలిసి, కారడానికి అతుకులూ కదిలే భాగాలూ లేని ఫ్రిజ్‌ల మీద 1926 నుంచి కొన్నేళ్లు పనిచేశాడు. 1930లో ఆ ఇద్దరికీ అమెరికా పేటెంట్ వచ్చింది. వాళ్ల ఫ్రిజ్‌లు బజారుకు రాలేదు. వాటి కోసం రూపొందించిన విద్యుదయస్కాంత పంపు ఆలోచన మాత్రం తర్వాత అణు రియాక్టర్లలో ద్రవ లోహాన్ని పారించడానికి పనికొచ్చింది. స్టాక్‌హోం విద్యార్థుల పెట్టెకు ఇంకో భవిష్యత్తు రాసి ఉంది. అది తీగ లేని ఊళ్లకు, చక్రాల ఇళ్లకు వెళ్లింది.

కిరసనాయిలు పెట్టె, గ్యాసు పెట్టె

మంటకు ఏ ఇంధనమైతేనేం? కరెంటు రాని పొలాలకు, తోటలకు, మిషన్ ఆసుపత్రులకు కిరసనాయిలు ఫ్రిజ్‌లు చేరాయి. అడుగున నూనె తొట్టి, వత్తి, పొగ గొట్టం. దీపం వెలిగించినట్టు వత్తి వెలిగిస్తే పైన మంచు కట్టేది. వత్తిని కత్తిరిస్తూ, మసిని తుడుస్తూ, మంటను నీలంగా ఉంచుకోవడం అప్పటి కాంపౌండర్ల పనుల్లో ఒకటి.

కారవాన్లకు గ్యాసు ఇంకా అనువైంది. ఎలక్ట్రోలక్స్‌లోని ఈ శాఖ డొమెటిక్ పేరుతో పెరిగి 2001లో విడి కంపెనీ అయింది. మూడు రకాల ‘ఆహారం’ తినే ఫ్రిజ్‌లు వచ్చాయి. ఊళ్లో ఆగితే మామూలు కరెంటు, బండి నడుస్తుంటే 12 వోల్టుల బ్యాటరీ, అడవిలో ఆగితే గ్యాసు. మధ్యరకం పెట్టె రోజుకు మూడు నాలుగు వందల గ్రాముల గ్యాసు కాలుస్తుంది. ఐదు కిలోల చిన్న సిలిండర్‌తో పది రోజుల పైనే నడుస్తుంది.

పంపు లేకపోవడమే దాని బలం, దాని బలహీనతా అదే. ద్రవాలు వాలు మీద ఆధారపడి పారుతాయి గనుక బండి ఒరిగి ఆగితే ప్రవాహం నిలిచిపోతుంది. మంట దగ్గర ద్రావణం లేక గొట్టం మాడి, తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గడ్డలు కట్టి దారి మూసుకుపోతుంది. అందుకే పాత ఆర్‌వీల వాళ్లు దిగీదిగగానే చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని మట్టం చేస్తారు. బండి కదులుతున్నంతసేపు కుదుపులకు ద్రవాలు కలిసిపోతూ ఉంటాయి గనుక భయం లేదు, ఒరిగి ఆగినప్పుడే ప్రమాదం. రెండో సంగతి, బ్యాటరీ మీద ఇది వేడి తీగతో నడుస్తుంది. గంటగంటకూ పది ఆంపియర్ అవర్లకు అటూ ఇటూ లాగేస్తుంది. బండి ఆపాక ఆ మీట మార్చడం మరిస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. మూడోది ప్రాణానికి సంబంధించింది. గ్యాసు మంట పొగ వాహనం బయటికే పోవాలి. మూసిన వ్యానులో, గుడారంలో మంట ఫ్రిజ్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది.

మన ఎండలు కూడా దానికి పడవు. బయట 40 డిగ్రీలు దాటితే వెనక రెక్కల్లో అమ్మోనియా ద్రవం కావడమే కష్టమవుతుంది. మాఘమాసపు మేడారంలో బాగా నడిచే పెట్టె, మే నెల వరంగల్‌లో నీరసపడుతుంది.

పన్నెండు వోల్టుల దారి

అందుకే ఇటీవలి వ్యాన్లలో కంప్రెసర్ మళ్లీ గెలిచింది. పెర్కిన్స్ దారిలోని పాత అడ్డంకులు ఒక్కొక్కటే తొలగడం దీనికి కారణం. తొలి ఫ్రిజ్‌ల విషవాయువుల స్థానంలో 1930 ప్రాంతంలో ఫ్రియాన్ వచ్చింది. అది ఓజోన్ పొరను కొరుకుతోందని తేలాక 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని సాగనంపే పని మొదలైంది. 1990లలో ఐసోబ్యూటేన్ వంటి హైడ్రోకార్బన్లు ఇళ్లలోకి వచ్చాయి. డెన్మార్క్ కంపెనీ డాన్‌ఫాస్ తెచ్చిన చిన్న డీసీ కంప్రెసర్లు నేరుగా 12, 24 వోల్టుల మీద నడుస్తాయి. మధ్యలో ఇన్వర్టరు అక్కర్లేదు, దానితో పోయే నష్టమూ లేదు. బండి ఒరిగినా లెక్కచేయవు. బ్యాటరీ బాగా దిగిపోతే వాటంతటవే ఆగిపోతాయి.

శక్తి వైపు కూడా రెండు మెట్లు ఎక్కాం. 1954లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు 6 శాతం సామర్థ్యం ఉన్న సిలికాన్ సోలార్ సెల్‌ను చూపారు. బ్యాటరీ సంగతికొస్తే, మన దేశం నుంచి వెళ్లినవాళ్ల చేతులు అందులో ఉన్నాయి. తమిళనాడు పల్లె నుంచి వెళ్లిన అరుముగం మంథిరామ్ 1980లలో శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్‌తో కలిసి, సల్ఫేటు వంటి అణుసమూహాలు బ్యాటరీ పదార్థానికి ఎలా బలమిస్తాయో చూపాడు. ఆ దారిలోనే టెక్సస్ యూనివర్సిటీలో అక్షయ పాఢి, కె.ఎస్. నంజుండస్వామి, గుడెనఫ్ కలిసి 1997లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మీద ప్రచురించిన పరిశోధన నేటి క్యాంపింగ్ బ్యాటరీకి పునాది. గుడెనఫ్‌కు 2019లో నోబెల్ వచ్చింది. ఈ రకం బ్యాటరీ వేడిని ఓర్చుకుంటుంది, తొందరగా అంటుకోదు, దాదాపు అడుగంటా వాడుకోవచ్చు. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే దాని ఆయుష్షు తరిగిపోతుంది.

గూడెం దారి నేర్పిన పాఠం

ఇంతవరకూ పుట్టించే విద్య. దాచే విద్య ఎక్కడ పండిందంటే, విహారయాత్రల్లో కాదు, టీకాల పెట్టెల్లో.

పిల్లల టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన దేశంలో 1978లో టీకాల కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలయ్యాక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఫ్రిజ్ అవసరమైంది. కరెంటు పోయే ఊళ్లలో మామూలు ఫ్రిజ్ పనికిరాలేదు. కిరసనాయిలు పెట్టెల వత్తి కాస్త ఎగసినా తగ్గినా టీకా గడ్డ కట్టడమో వేడెక్కడమో జరిగేది. అప్పుడు బ్లాక్ కొలిచిన మంచు తిరిగొచ్చింది. ఐఎల్ఆర్ అని ఆరోగ్య సిబ్బంది పిలిచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ గోడల్లో నీటి పలకలో గొట్టాలో ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు అవి గడ్డ కడతాయి, పోయినప్పుడు కరుగుతూ లోపలి చలువను కాస్తాయి. రోజుకు ఎనిమిది గంటలు కరెంటు ఉంటే చాలు. దాని మూత పైకి తెరుచుకుంటుంది. చల్లగాలి బరువైనది, పైమూత తీస్తే ఒలికిపోదు. నిలువు తలుపు తీస్తే కాళ్ల మీదికి జారిపోతుంది. క్యాంపింగ్ ఫ్రిజ్‌లు ఎక్కువగా పెట్టెలా పైకి తెరుచుకునేవిగా ఉండటానికి కారణం ఇదే.

ములుగు జిల్లాలో వాగులు దాటి, కొండలెక్కి గుత్తికోయ ఆదివాసుల గూడేలకు టీకాలు మోసే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల భుజాన ఉండే చిన్న నీలం పెట్టెలో యంత్రమేమీ లేదు. దిట్టమైన గోడలు, నాలుగు ఐస్ ప్యాకులు. ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాకులను వాళ్లు వెంటనే సర్దరు. బయట పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా ఆగుతారు. అప్పుడు ప్యాకు సరిగ్గా సున్నా దగ్గర ఉన్నట్టు. అంతకన్నా చల్లగా ఉంటే చాలా టీకాలు గడ్డ కట్టి చెడిపోతాయి. ఇన్సులిన్‌కూ ఇదే నియమం. వేడి దాన్ని మెల్లగా చెడగొడుతుంది, గడ్డ కడితే అక్కడికక్కడే పనికిరాకుండా పోతుంది.

2001లో మొదలైన సోలార్‌చిల్ ప్రయత్నంలో యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, గ్రీన్‌పీస్, డేనిష్ టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వంటివి కలిశాయి. సోలార్ టీకా ఫ్రిజ్‌లలో ముందుగా చచ్చేది బ్యాటరీయేనని వాళ్లకు అనుభవం చెప్పింది. మరి బ్యాటరీనే తీసేస్తే? పగలు సూర్యుడు నేరుగా కంప్రెసర్‌ను నడుపుతాడు, కంప్రెసర్ మంచు చేస్తుంది, రాత్రి ఆ మంచే కాస్తుంది. కరెంటును దాచడానికి బదులు చలువనే దాచారు. కల్లెన్ పాయ, బ్లాక్ పాయ ఇక్కడ కలిశాయి. వేల్స్‌లో పుట్టిన ష్యూర్ చిల్ ఫ్రిజ్ ఇంకో అడుగు వేసింది. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. పైన మంచు ఉంచితే 4 డిగ్రీల నీరు తనంతట తానే కిందికి దిగి టీకాల చుట్టూ నిలుస్తుంది. ఉష్ణోగ్రతను ప్రకృతే పట్టి ఉంచుతుంది.

కాశిబుగ్గ నుంచి అడవికి

ఇప్పుడు లెక్క వేసుకుందాం. యాభై లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్ నడిచేటప్పుడు సుమారు 45 వాట్లు తీసుకుంటుంది. మన వాతావరణంలో రోజులో సగం సేపు నడుస్తుందనుకుంటే 540 వాట్ అవర్లు. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి. అంటే ఎండ లేకున్నా రెండు రోజులు గడుస్తాయి. అంతే సైజు లెడ్ యాసిడ్ అయితే ఒక్క రోజే. 200 వాట్ల సోలార్ పలక, ఐదు గంటల మంచి ఎండ, నష్టాలు పోగా 700 వాట్ అవర్లు. పగలు వచ్చింది రోజు ఖర్చుకు సరిపోయి ఇంకా మిగులుతుంది.

ఇక మంచు లెక్క. ఐదు కిలోల మంచు కరుగుతూ దాదాపు 460 వాట్ అవర్ల వేడిని మింగుతుంది. గోడల్లోంచి గంటకు 30 వాట్ అవర్ల చొప్పున వేడి చొరబడితే ఆ మంచు పదిహేను గంటలు కాస్తుంది. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారి పలక మీద ఎండ పడేదాకా సరిపోయే కాలం అది. ఇంట్లో ఫ్రీజర్‌లో గడ్డ కట్టించిన ఐదు లీటరు నీళ్ల సీసాలు ఒక రాత్రి బ్యాటరీతో సమానమన్నమాట. సీసాలను నిండుగా నింపకూడదు, మంచు ఉబ్బుతుంది. రెండు అరల ఫ్రిజ్ ఉంటే పగలు మిగిలే సోలార్ కరెంటుతో ఆ సీసాలను మళ్లీ గడ్డ కట్టించుకోవచ్చు. బ్యాటరీ లేని టీకా ఫ్రిజ్ చేసే పనే ఇది.

బయలుదేరే ముందురోజే ఫ్రిజ్‌ను ఇంట్లో ప్లగ్గుకు పెట్టి, లోపలి సరుకుతో సహా చల్లబరచాలి. వేడి వస్తువులను చల్లబరిచే పనే అన్నిటికన్నా ఎక్కువ కరెంటు తింటుంది, దాన్ని ఇంటి మీటర్ మీదే ముగించాలి. అడవిలో ఫ్రిజ్ నీడలో, పలక ఎండలో ఉండాలి. వెనక జాలీకి జానెడు ఖాళీ వదలాలి. చల్లబరచడమంటే లోపలి వేడిని బయట పారబోయడమే కదా. పారబోసే చోటు మూసుకుపోతే ఏ యంత్రమూ పనిచేయదు. ఖాళీ జాగాను నీళ్ల సీసాలతో నింపాలి. తాగునీటికి వేరే డబ్బా పెట్టుకుంటే మూత మాటిమాటికీ తీయాల్సిన పని ఉండదు. ఇన్సులిన్ సీసాలను గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, మంచుకు తగలకుండా మధ్యలో ఉంచాలి. పక్కన చిన్న థర్మామీటర్ తప్పనిసరి. వాడకంలో ఉన్న సీసా, మరీ ఎండ తగలకుండా చూస్తే, చాలా రకాల్లో దాదాపు నాలుగు వారాలు బయటే ఆగుతుంది. ఆ వివరం డబ్బా మీద రాసి ఉంటుంది. ఫ్రిజ్ మొరాయించినా జాతర మధ్యలో కంగారుపడి వెనక్కి పరిగెత్తాల్సిన పని లేదు.

ఈ విద్య ఇంకా వెళ్లాల్సిన చోట్లున్నాయి. వానాకాలం వాగులు పొంగి రోజుల తరబడి కరెంటూ దారీ తెగిపోయే గూడేలు మేడారానికి అవతలే ఉన్నాయి. అక్కడ కాన్పు సమయంలో ఇచ్చే ఆక్సిటోసిన్, పిల్లల టీకాలు చలువ కోరేవే. రెండు రోజుల సరదాకు మన వ్యానులో అమర్చుకుంటున్న సోలార్ పలక, దిట్టమైన పెట్టె, మంచు నిల్వ ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలోనూ ఉండదగినవి. దానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఒక గురువు, ఒక శిష్యుడు, ఇద్దరు విద్యార్థులు, ఎందరో ఆరోగ్య కార్యకర్తలు చేయాల్సిన పని చేసి పెట్టారు. దాన్ని గూడెం దాకా మోసుకెళ్లడమే మనవంతు.